ముంచిన దారి, వ్రేలాడు దారి

ప్రకృతి యెంత దుర్గమమైనను మానవసంకల్పమునకు లొంగక తప్పదని లోకమునకు చాటుటకే కాబోలు, న్యూజిలాండు దక్షిణద్వీపమందలి ఒటాగో సీమవారు 2021 మే నెలలో ఒక అపూర్వమైన సైకిలు బాటను ప్రారంభించిరి. క్రామ్‌వెల్, క్లైడ్ పట్టణముల ప్రాంతమున డన్‌స్టన్ సరస్సు వెంబడి సుమారు 55 కిలోమీటర్లు సాగు ఈ మార్గమున సైకిళ్లును పోవును, పాదచారులును పోవుదురు. అడుగు మోపుటకైన చోటులేని చరియలయందు బండలకు బోల్టులు బిగించి, వానిపై పలకలు పరచి, నీటికి పైగా బాటను వ్రేలాడదీసిరి. ఒకచోట సుమారు 85 మీటర్ల ఉయ్యాల వంతెనయు కట్టిరి. ఇంతటి నిర్మాణకౌశలమునకు చేతులు జోడింపనివాడు రసికుడు కాడు. అయితే జోడించిన చేతులు విప్పకయే ఒక చిన్న సందేహమును విన్నవించుకొందును: ఈ లోయలో ఇదివరకు దారియే లేకుండెనా?

లేకేమి! 1862లో హార్ట్‌లీ, రైలీ అను ఇరువురు ఈ క్లూథా నదీతీరమున గుట్టుగా త్రవ్విన 87 పౌండ్ల బరువు బంగారమును డునెడిన్ నగరమున బయటపెట్టిన నాటినుండి, ఆశాపాశబద్ధులైన జనులు వేలకొలది వచ్చి కాలినడకనే ఈ లోయకు బాట తొక్కిరి. వారి వెనుక రోడ్డు వచ్చెను. 1921 నాటికి రైలును క్రామ్‌వెల్ చేరెను. ఏటి ప్రక్కనే పండ్లతోటల మీదుగా పోవు ఆ దారులలో సాహసమునకు బొత్తిగా అవకాశము లేదు. ఆ లోపమును ప్రభుత్వమువారే సవరించిరి.

సవరించిన విధము వినదగినది. అల్యూమినియము కర్మాగారమొకటి రానున్నదనియు, దానికి విద్యుత్తు కావలయుననియు చెప్పి క్లైడ్ వద్ద పెద్ద ఆనకట్టకు పూనుకొనిరి. రానున్నదన్న కర్మాగారము వచ్చునను నమ్మకము లేనందున నీటిహక్కు విషయమున న్యాయపీఠములు అడ్డుచెప్పగా, తీర్పును మన్నించు శ్రమకంటె చట్టమును వ్రాసికొను శ్రమ స్వల్పమని గ్రహించిన ఏలినవారు 1982లో పార్లమెంటుచేత ప్రత్యేకశాసనము చేయించి ఆ అడ్డును తొలగించుకొనిరి. కర్మాగారము రాలేదు. ఆనకట్ట వచ్చినది. నీరు నిలిపినచో లోయకు ఇరుప్రక్కల కొండలు జారునను భయము పుట్టగా, ఆ కొండల కడుపులో కిలోమీటర్లకొలది సొరంగములు త్రవ్వి, వాని లోపలి నీటిని తోడి, పర్వతములకు చికిత్స చేసిన పిమ్మట 1992, 93 సంవత్సరములలో సరస్సును నింపిరి. పాత రోడ్డు, రైలుకట్ట, తోటలు, క్రామ్‌వెల్ పాతబజారులో మంచిభాగము జలసమాధి పొందెను. ముంపునకు గురియైన కట్టడములలో కొన్నింటిని ఒడ్డున మరల నిలిపి యాత్రికులకు చూపుచున్నారు. చరిత్రయెడల గౌరవము లేదని ఎవరనగలరు?

ఆనకట్టకు సామగ్రి మోసిన రైలుకును తగిన సత్కారమే జరిగినది. మోయవలసినది మోసినవెనుక 1990లో దానిని ఆపివేసి పట్టాలు ఊడబెరికిరి. మిడిల్‌మార్చ్ నుండి క్లైడ్ వరకు మిగిలిన కట్టపై 2000 నాటికి సుమారు 150 కిలోమీటర్ల సైకిలు బాట వెలసెను. అది మిక్కిలి జనాదరణ పొందినందున, దానిని క్లైడ్‌కు ఎగువకును పొడిగింపవలెనను కోరిక పుట్టుట సహజమే. పొడిగింపవలసిన కట్ట నీట నున్నది. మోటారువాహనములకు కొత్త రహదారిని ఒక ఒడ్డున ముందే ఎత్తుగా వేసియుంచిరి గనుక, పాపము, సైకిలువానికి ఎదుటి ఒడ్డు బండలు మిగిలెను. ఇంటిమెట్లు పగులగొట్టుకొని నిచ్చెనపై మేడ నెక్కినవాని సాహసమువంటిది ఈ సాహసము. ఎక్కుట అబద్ధము కాదు, పడిపోవు ప్రమాదమును అబద్ధము కాదు.

ఇప్పుడు ఆ బాటపై పోవువారిలో పలువురు బ్యాటరీ సైకిళ్లపై పోవుచున్నారు. ఆ బ్యాటరీలోని విద్యుత్తునందు క్లైడ్ ఆనకట్ట పాలును కొంత ఉండియే తీరును. అనగా దారిని ముంచిన నీరే దారి యెక్కించుచున్నదన్నమాట. నడుమ అలసినవారికి సరస్సుపై తేలు పడవ అంగడిలో కాఫీ దొరకును. ఆనకట్ట వలని ప్రయోజనములను లెక్కించిన నాటి నిపుణులు ఈ కాఫీని ఏ పద్దున వ్రాసియుందురో!

పాఠకులలో ఎవరికేని అటు పోవు భాగ్యము కలిగినచో బాటను మెచ్చుకొనుడు, ప్రాణములకు తెగించి బోల్టులు బిగించినవారిని మరింత మెచ్చుకొనుడు. కొండను జయించిన కథను మాత్రము, తమ తోటలు మునుగుచుండగా గట్టున నిలిచి చూచిన క్రామ్‌వెల్ వృద్ధులయెదుట ఎత్తకుడు.