ట్రఫుల్ చీజ్ తినాలంటే ముందు ఇంగువ మానండి

చీజ్ ముక్క ఇంటికి రావడానికి వారం ముందే పోపులపెట్టెలోంచి ఇంగువ డబ్బీ తీసి పక్కింటివాళ్లకు ఇచ్చేయండి. వెల్లుల్లి దండ గొడ్ల కొట్టంలో తగిలించండి. ఆవకాయ జాడీ, గోంగూర జాడీ అటక ఎక్కించండి. మన పామూరులో వారంపాటు ఇంగువ లేని పప్పు, వెల్లుల్లి లేని కారం తినమంటే ఇంట్లో గొడవవుతుంది. కానివ్వండి. వంద గ్రాముల చీజ్ కోసం ఇల్లంతా మారాలా అని అడుగుతారు. మారాలి. ఈ చీజ్ గొప్పతనమంతా వాసనలోనే ఉంది. ఆ వాసనకు ఇంట్లో చోటు లేకపోతే మీరు డబ్బు పోసి కొన్నది ఉప్పటి పాలగడ్డే.

ట్రఫుల్ భూమి లోపల ఓక్, హేజెల్ చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని పెరుగుతుంది. పుట్టగొడుగుల జాతిదే అయినా పైకొచ్చి గొడుగు విప్పదు. గాలికి విత్తుకునే వీలు లేదు కాబట్టి వాసనతో జంతువులను పిలుస్తుంది. అవి తవ్వి తిని మరోచోట విసర్జిస్తే దాని సంతానం పెరుగుతుంది. ఆ పిలుపులో ముఖ్యమైనది డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధకపు పదార్థం. కుక్కలూ పందులూ దాన్ని పట్టుకునే పోతాయి. పందులు నేలంతా కుళ్లగించి వేళ్లు పాడుచేస్తున్నాయని ఇటలీలో 1985లో వాటితో వెతకడం మాన్పించారు, ఇప్పుడు అక్కడ పనంతా కుక్కలదే. మన ఇంగువ ఘాటూ, వెల్లుల్లి ఘాటూ గంధకానివే. పొద్దునా మాపూ ఆ ఘాటుకు అలవాటుపడిన ముక్కుకు ట్రఫుల్ ఒక మూల నుంచి వచ్చి ఇంకో మూల నుంచి వెళ్లిపోయినా తెలియదు.

అందుకే ముక్కుకు సాధన వానాకాలంలోనే మొదలుపెట్టండి. గట్టి వాన పడ్డాక ఎర్రనేలల్లో చెదపుట్టల మీద పుట్టకొక్కులు లేస్తాయి. సొంతంగా ఏరొద్దు, వాటి పక్కనే విషపువీ మొలుస్తాయి. ఏళ్లుగా ఏరి అమ్మేవాళ్ల దగ్గరే కొనండి. కూరకు తరగకముందు ఒకదాని కాడ విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకోండి. తడిమట్టి, పచ్చిగింజ, కొంచెం మాంసం, ఇన్నీ కలిసి వస్తాయి. ఆ వాసన గుర్తుపెట్టుకున్నవాళ్లకు చీజ్ సగం పరిచయమైనట్టే. అంతేగాని ట్రఫుల్ కోసం కుక్కను వెంటబెట్టుకుని వెలిగొండల్లోకి వెళ్లొద్దు. దానికి సున్నం పాలున్న నేల, గట్టి చలి, తన చెట్టు కావాలి. అవన్నీ కలిసి మన దగ్గర దొరకవు.

ఇక చీజ్ దొరకడం సంగతి. పామూరులో లేదు, కనిగిరిలో లేదు. బెంగళూరులోనో హైదరాబాదులోనో దిగుమతి సరుకు అమ్మే పెద్ద కొట్లకు మీరే వెళ్లాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవద్దు, వాసన చూడకుండా వాసనను కొనకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలు చలికాలంలో ట్రేడర్ జోస్ అనే కిరాణా కొట్లలో దొరుకుతుంది, తెస్తామంటారు. వద్దనండి. వాళ్లనే అక్కడ తినమనండి. సూట్‌కేసులో బట్టల మధ్య ఒకటిన్నర రోజు ఉక్కబోసిన చీజ్ ఇంటికి చేరేసరికి డస్సిపోయి ఉంటుంది.

కొట్లో పేర్లు చూసి బెదరొద్దు. మోలిటెర్నో అల్ తార్తుఫో సార్డీనియా దీవిది, గొర్రెపాలతో చేస్తారు. గడ్డ ముదిరాక లోపలికి ట్రఫుల్ ముద్ద ఎక్కిస్తారు, కోస్తే లేతపసుపు గడ్డలో నల్లటి నరాలు పాకి కనిపిస్తాయి. సోట్టోచెనెరే వెనిస్ వైపుది, ఆవుపాలది. పైన దాల్చినచెక్క, జాజికాయ, లవంగం కలిపిన బూడిద పట్టిస్తారు. మొదటిసారి మోలిటెర్నోనే తీసుకోండి. పాలను విరగ్గొట్టడానికి కొన్నిటిలో జంతువుల రెన్నెట్ వాడతారు కాబట్టి శాకాహారులు పచ్చచుక్క చూసి మరీ కొనండి. చీటీ మీద పదార్థాల జాబితా చివరిదాకా చదవండి. చాలావాటిలో ఉండేది చవకైన ఎండాకాలపు ట్రఫుల్, అదీ చిటికెడు. మిగతా వాసన విడిగా కలిపిన పరిమళానిది, ఎక్కువగా 2,4-డైథయాపెంటేన్. అది తెల్ల ట్రఫుల్‌లో సహజంగానే ఉంటుంది, కానీ ఫ్యాక్టరీలో చేసింది ఒంటరిగా వస్తే మొదటి నుంచి చివరిదాకా ఒకే అరుపు. నమూనా ముక్క అడిగి నోట్లో వేసుకుని, కొట్టు బయటికొచ్చి పావుగంట నిలబడండి. వాసన ఇంకా గొంతులోనే కూర్చుని ఉంటే కొనొద్దు. మెల్లగా సర్దుకుని వెళ్లిపోయిందా, లోపలికెళ్లి తూకం వేయించండి. ధర వింటే కళ్లు తిరుగుతాయి. ఆ నెల మాంసం మానేయండి.

తెచ్చుకోవడానికి రాత్రి బస్సే మంచిది. ముక్కను మైనపు కాగితంలో చుట్టి స్టీలు టిఫిన్ గిన్నెలో పెట్టండి, గిన్నెను మంచుముక్కల సంచితో కలిపి తడి గోనెలో చుట్టండి. ముదురు చీజ్ ఒక రాత్రికి పాడవదు. గిన్నె మాత్రం ఒళ్లోనే పెట్టుకోండి, పైన సామాన్ల అరలో పెట్టొద్దు. ఎండాకాలంలో అసలు తేవొద్దు. నలభై డిగ్రీల పగటివేడికి చీజ్ నూనె కక్కుతుంది, ఆ నూనెతోపాటే వాసనా పోతుంది.

మనం తినాల్సింది ధనుర్మాసంలో. నల్ల ట్రఫుల్ యూరప్‌లో చలికాలం పంట. ఇక్కడా ఆ నెలల్లోనే తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గరికొస్తుంది. ఈ చీజ్ బాగా పలికేది ఆ వేడిలోనే, ఫ్రిజ్ చలిలో నోరు విప్పదు. కాబట్టి ముక్కను నాలుగింటికే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి. పళ్లు తోమొద్దు, పేస్టులో పుదీనా ఉంటుంది. కాఫీ తర్వాత. నీళ్లు పుక్కిలిస్తే చాలు. వెలుతురు అవతలికి కనిపించేంత పల్చటి పొర కోయండి. నమలకుండా నాలుకతో అంగిటికి అదిమిపెట్టి, కరగడం మొదలవగానే నోరు మూసి ముక్కుతో గాలి మెల్లగా బయటికి వదలండి. అసలు సంగతి ఆ ఊపిరిలో తెలుస్తుంది. రెండో పొరను ఆరిన సజ్జరొట్టె ముక్క మీద పెట్టి, నల్లమల తేనె చుక్క వేసుకోండి. గొర్రెపాల చీజ్ మీద తేనె ఇటలీవాళ్లకూ అలవాటే. వేడి రొట్టె మీద వద్దు. ఉప్మాలో, దోసెలో, ఏ వంటలోనూ వద్దు. పొయ్యిసెగకు ముందు ఎగిరిపోయేది వాసనే.

సార్డీనియా ప్రస్తావన వస్తే నాకు మన మేకలూ గొర్రెలే గుర్తొస్తాయి. అక్కడా ఎండిన గుట్టలు, రాళ్లు, మందలు. పామూరు చుట్టూ తిరిగే నెల్లూరు జాతి గొర్రెలు మాత్రం మాంసానికి పెంచేవి. పాలు అడిగితే కాపరి "పిల్లకే చాలవు సామీ" అంటాడు. ఆయన మాటే నిజం, ఆయన్ను విసిగించొద్దు.

ఇంట్లో చీజ్ డబ్బా మూత తీసినప్పుడు పెద్దమ్మ వంటింట్లోంచి "ఏందమ్మా, బండ లీకవుతోందా?" అని అరుస్తుంది. తప్పుపట్టొద్దు. గ్యాస్‌లో వాసన తెలియడానికి కలిపే ఇథైల్ మెర్కాప్టన్ కూడా గంధకం సంతతే. ముందు వెళ్లి రెగ్యులేటర్ కట్టి, కిటికీ తీసి చూడండి, ప్రతిసారీ చూడండి. అది బాగానే ఉందని తేలాకే పెద్దమ్మకు ఒక పొర ఇవ్వండి. ఆమె మొహం చిట్లిస్తే రెండోది ఇవ్వొద్దు. పెళ్లివారికి, పండక్కొచ్చిన అల్లుడికి, ఆఫీసరుకు అసలే వద్దు. మర్యాదకు తినేవాళ్లకు పెట్టడానికి లడ్లున్నాయి.

ముక్క పెట్టిన డబ్బాలోనే నాలుగు నాటుకోడి గుడ్లు, గిన్నెడు వెన్న కూడా పెట్టి మూత బిగించండి. గుడ్డు పెంకుకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి, కొవ్వు వాసనను పట్టుకుంటుంది. రెండు రోజులాగి ఆ వెన్నతోనే ఆ గుడ్లు సన్నటి సెగమీద, ఉప్పు తప్ప ఏమీ వేయకుండా కలియబెట్టండి. చీజ్ అంచున బూజు పడితే భయపడొద్దు, ముదురు గడ్డయితే బూజుకు వేలెడు ఇవతలగా కోసి పారేసి మిగతాది తినొచ్చు. మెత్తటి బ్రీ లాంటిదైతే మొత్తం పారేయండి. పైచెక్క తినకండి. ముక్క పూర్తయ్యాకే పక్కింటికి వెళ్లి ఇంగువ డబ్బీ తెచ్చుకోండి.