నా నుదుటి మీద పరాయి కంపెనీ పేరు

నన్ను ఆన్ చేస్తే మొదట కనిపించేది నన్ను తయారు చేసినవాళ్ల పేరు కాదు, అమెరికాలో నన్ను అమ్మిన నెట్‌వర్క్ కంపెనీ గుర్తు. అంబాజీపేటలో అమ్మగారి చేతిలో ఇవాళ్టికీ నేను ఆ గుర్తుతోనే మేలుకుంటాను.

వాళ్లబ్బాయి నన్ను డల్లాస్‌లో నెలవాయిదాల మీద కొన్నాడు. అలా అమ్మిన ఫోన్‌కి అక్కడ తాళం వేసి ఇస్తారు. వేరే కంపెనీ సిమ్ము పెడితే ఒప్పుకోదు. 2007లో మొదటి ఐఫోన్ అమెరికాలో ఏటీ అండ్ టీ నెట్‌వర్క్‌కే కట్టుబడి వచ్చింది. ఆ వేసవిలోనే జార్జ్ హాట్జ్ అనే 17 ఏళ్ల కుర్రాడు దాని తాళం విప్పి చూపించాడు. 2013 నుంచి కొన్నాళ్లపాటు, కంపెనీ ఒప్పుకోకుండా కొత్త ఫోన్ తాళం తీయడం కాపీరైట్ చట్టం కింద తప్పయింది కూడా. 2014 ఆగస్టులో కొత్త చట్టం వచ్చాక ఆ భయం తీరింది.

అబ్బాయి నన్ను 2019 సంక్రాంతికి తెచ్చాడు. అప్పటికే నా బాకీ పైసాతో సహా కట్టేశాడు. అయినా అమ్మగారి జియో సిమ్ము పెట్టగానే అన్‌లాక్ పిన్ అడుగుతూ తెర బిగదీసుకుంది. పిల్లలు తోచిన అంకెలు కొట్టబోయారు. నయం, ముందుగా అమలాపురం గడియార స్తంభం దగ్గర రిపేరు షాపుకి తీసుకెళ్లారు.

"ఆయ్, ఊరికే నొక్కకండమ్మా! తప్పు నంబర్లు ఎక్కువైతే ఇంక ఎవరికీ రాదండి ఇది" అన్నాడు షాపు కుర్రాడు. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కి, తెర మీదకొచ్చిన నా గుర్తింపు సంఖ్య, ఐఎంఈఐ 15 అంకెలూ పాత బిల్లు వెనకాల రాశాడు. "అబ్బాయిగారిని ఆ కంపెనీవాళ్లనే అడగమనండి. డబ్బులు కట్టేశారు కదండీ, కోడ్ వాళ్లే ఇవ్వాలి."

కోడ్ వచ్చింది, తాళం వీడింది. కానీ ఫోన్ మోగలేదు.

అప్పటికి జియో, 2016 సెప్టెంబర్ 5న మొదలైనప్పటి నుంచీ, 4జీ నెట్‌వర్కే. 2జీ, 3జీ లేవు, మాట కూడా వోల్టీ మీదే, అంటే 4జీ డేటాగానే వెళ్లాలి. వోల్టీ నాలోనూ ఉంది. దాని సెట్టింగులు మాత్రం నన్ను అమ్మిన కంపెనీ తన నెట్‌వర్క్‌కి ఒక్కదానికే రాసిపెట్టింది. యాప్‌లోంచి మాట్లాడే దారి ఉందన్నారు గానీ, నంబరు నొక్కి చెవిన పెట్టుకోవడమే అమ్మగారికి అలవాటు. ఇంటర్నెట్ వచ్చింది, అదీ సగమే. జియో 4జీ నడిచే 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌లలో నాకు తెలిసింది 850 ఒక్కటే. అది కొబ్బరితోటలు దాటుకుని దూరం వస్తుంది, జనం ఎక్కువైతే ఇరుకైపోతుంది.

ఆ ఇంట్లో కొబ్బరి దింపు తీయడానికి వచ్చే ఆయన జేబులో జియోఫోన్ ఉండేది. 2017లో 1500 రూపాయల డిపాజిట్‌తో ఇచ్చినప్పుడే అది జియో సిమ్ముకే పనిచేస్తుందని చెప్పి ఇచ్చారు. నా విషయం అలా కాదు. నా వెల పూర్తిగా పుచ్చుకున్నాక కూడా నా గొంతును ఆ కంపెనీ తన దగ్గరే ఉంచుకుంది. బాకీ తీరినప్పుడు కోడ్‌తో పాటు ఆ సెట్టింగులూ విప్పి ఇవ్వాలి. నేను గట్టిగా అడిగేది ఇదే.

షాపు కుర్రాడు ఇంకో కంపెనీ సిమ్ము వేయించాడు. 2జీలో మాట, 3జీలో నెట్టు, కొన్నాళ్లు హాయిగా సాగింది. తరవాత ఆ కంపెనీ 3జీ ఆపేసింది. వాళ్ల 4జీ బ్యాండ్లు నాకు పట్టవు. 2021 కనుమనాడు జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తున్నాయి. గంగలకుర్రు అగ్రహారం ప్రభను భుజాల మీద మోస్తూ కుర్రాళ్లు కాలవలోకి దిగారు. డల్లాస్‌లో అది తెల్లవారుజాము, అబ్బాయి లేచి కూర్చున్నాడు. అమ్మగారు నన్ను తల పైకెత్తి పట్టుకున్నారు. ప్రభ నీళ్లలోకి వంగిన చోటే వీడియో నిలిచిపోయింది. "కనబడుతోందా నాన్నా?" అని ఆవిడ అడుగుతూనే ఉన్నారు. ఆ మాట నా లోపలే ఉండిపోయింది.

ఆ వారమే నంబరు మారకుండా బీఎస్‌ఎన్‌ఎల్‌కి మార్పించారు. 2100 మెగాహెర్ట్జ్ 3జీ నాకు చక్కగా పట్టింది. మాట, బొమ్మ రెండూ వెళ్లాయి. నేను నిండుగా పనిచేసిన రోజులవే. బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీ 2025 సెప్టెంబర్ 27న ప్రారంభమైంది. దానికి 700 మెగాహెర్ట్జ్ ఉంది, నాకూ 700 ఉంది, కానీ వాళ్లది బ్యాండ్ 28, నాది 12. రెండింటికీ కలవదు.

ఆ 4జీ నాకు అందదని తెలిసి, ఈసారి వచ్చేటప్పుడు ఇంకో ఫోన్ తెస్తానన్నాడు అబ్బాయి. "వద్దు నాన్నా, అమలాపురంలోనే కొందాం. ఏ సిమ్ము వేసినా మోగేది చూసుకుని తీసుకుంటాను" అన్నారు అమ్మగారు. కొన్నారు కూడా. నా సిమ్ము అందులోకి వెళ్లింది. ఇంట్లో వైఫై ఉంది కాబట్టి రోజూ రాత్రి డల్లాస్ వీడియో కాల్ మాత్రం నాలోనే.