బ్యాటరీ నీళ్లు

1960 ప్రాంతం. ఆళ్లగడ్డ పక్క పల్లెలో పంచాయతీ ప్రెసిడెంటుగారికి నల్ల మోరిస్ ఎయిట్ కారుండేది. ఆరు వోల్టుల బ్యాటరీ, మూడు గదులు. ఏడాదిలో రెండు బ్యాటరీలు పోయాయి. మూడోదీ అదే దారిలో ఉంది.

ప్రెసిడెంటుగారి అనుమానం డ్రైవరు మీద. రాత్రిళ్లు లైట్లు ఆర్పడం లేదని రెండు నెలలు జీతంలో కోత పెట్టాడు.

సెల్ఫ్ పలకనప్పుడు డ్రైవరు హ్యాండిల్ కొట్టేవాడు. హ్యాండిల్ ఎదురుతన్ని చేతులు విరుగుతున్నాయని అమెరికాలో కాడిలాక్ కారుకు 1912లోనే సెల్ఫ్ పెట్టారు. ఈ డ్రైవరుకు చెయ్యి విరగలేదు, బెణికింది. కట్టు కట్టుకుని కొడుతున్నాడు.

చివరికి నంద్యాల నుంచి మేస్త్రిని పిలిపించారు. టెర్మినళ్లు గీకి చూశాడు. ఇంజను వేగం పెంచితే అమ్మీటరు ముల్లు లేచింది, డైనమో బాగానే ఉంది. కటౌట్ పాయింట్లు అతుక్కుంటే బండి ఆపాక కరెంటు వెనక్కి డైనమోలోకి పోతుంది. అవీ శుభ్రంగా ఉన్నాయి. బ్యాటరీ నిండా చార్జి చేయించి, వైరు ఊడదీసి వారం రోజులు ఊరికే ఉంచాడు. మొదట హైడ్రోమీటరు 1280 చూపింది. వారానికి 1150.

"కారులో జబ్బు లేదయ్యా. కూర్చున్నచోటే తన్ను తాను తినేస్తాంది."

బ్యాటరీలో ఉండేది సీసం రేకులు, గంధకామ్లం. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే అనే ఆయన ఇలాంటి బ్యాటరీ మొదట కట్టినప్పుడూ అంతే. ఇక మిగిలింది నీళ్లు.

"నీళ్లేం పోస్తాండారు?"

"డిస్టిల్డ్ వాటరే. వారానికో సీసా నంద్యాల నుంచి తెప్పిస్తా" అన్నాడు ప్రెసిడెంటు.

డ్రైవరు సీటు కింద నుంచి సీసా తీసిచ్చాడు. మేస్త్రి అందులోంచి ఒక చుక్క ఎండకు కాగుతున్న బానెట్ మీద వేశాడు. పక్కనే తన సంచిలోని సీసా నుంచి ఇంకో చుక్క. ముగ్గురూ నిలబడి చూశారు. రెండూ ఆరిపోయాయి. మేస్త్రి చుక్క పడ్డచోట ఏమీ లేదు. డ్రైవరు చుక్క పడ్డచోట తెల్లటి ఉంగరం మిగిలింది, నల్లరంగు మీద ముగ్గు పెట్టినట్టు. గోటితో గీకితే పొడి రాలింది.

"బావినీళ్లు. ఆవిరయ్యేది నీళ్లే అయ్యా, ఉప్పు లోపలే ఉండిపోతాది. పోసిన ప్రతిసారీ ఇంకొంచెం."

ప్రెసిడెంటు డ్రైవరు వైపు తిరిగాడు.

"పిల్లోడికి మూత్రంలో రాయి సామీ. బావినీళ్లు తాపొద్దనిరి ఆస్పత్రిలో. మంచినీళ్లు వానికి పోసి, ఇందులో మా ఇండ్లకాడి బావినీళ్లు పట్టుకొస్తి."

ఆ బావి ప్రెసిడెంటుగారు తవ్వించిందే. గట్టు మీద ఆయన పేరున్న రాతిపలక ఉంది. ఆళ్లగడ్డ శిల్పులతో దాని అంచున పూలు కూడా చెక్కించారు.

ప్రెసిడెంటు వంగి ఆ తెల్ల ఉంగరాన్ని వేలితో తడిమాడు. వేలిని పంచెకు తుడుచుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"సీసమే తట్టుకోలేదంటే ఎంత పాడునీళ్లురా అవి!" అన్నాడు. "ఇంక సీసా నా బీరువాలో ఉంటది. తాళం నా మొలకుంటది."