జలుబు పోయింది, కడుపు మిగిలింది

అనంతపురం జిల్లా వాళ్ళంత ఓపికమంతులు భూప్రపంచంలో ఉండరు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే మాకు మంచి ఏడు. వానలేమిలో జైసల్మేర్ తర్వాత రెండో స్థానం మనదేనని బళ్ళో అయివారు చెబితే, ర్యాంకు కొట్టినట్టు సంబరపడ్డ పిల్లలం. శెనక్కాయ విత్తనమేసి మబ్బుల వైపు చూస్తూ నెల గడపగలం. ఒక బోరు ఎండితే పక్కనే ఇంకోటి, అదీ ఎండితే మరోటి వేయించి కూర్చోగలం. పంటల బీమా ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు వస్తుందిలే అనుకోగలం. ఇంతటి స్థితప్రజ్ఞులం, ముక్కు కారితే మాత్రం రెండు రోజులు ఆగలేం.

ఆగాల్సిన అవసరమూ లేదు. రాప్తాడు అనే ఏముంది, తెలుగునేల మీద ఏ మండల కేంద్రంలో బస్సు దిగినా మొదట కనిపించేది మందుల షాపే. టోకెన్ లేదు, ఫీజు లేదు, నాలుక బయటపెట్టమనేవాడు లేడు.

"ఏమప్పా, ఏమైంది?"

"జలుబన్నా. గొంతు నొప్పి, ఒళ్ళంతా పట్టేసినట్టుండాది. ఎల్లుండి మా సడ్డకుని కొడుకు పెండ్లి. పవరుండేవి ఇయ్యి."

పవరుండేవి! డాక్టరుకు రక్తపరీక్ష కావాలి, గొంతులో లైటు వేసి చూడాలి. మనకు పవరు చాలు. షాపాయన వెనక్కి తిరక్కుండానే పది మాత్రల రేకు ఒకటి లాగాడు. దాని వెనక నిలువునా ఒక ఎర్రగీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని జనానికి తెలియాలని కేంద్రప్రభుత్వం 2016లో ఆ గీత గురించి పెద్ద ప్రచారమే చేసింది. కత్తెర ఆ గీతను అడ్డంగా కోసుకుంటూ పోయింది. మూడు మాత్రలు మనవైపు, ఏడు షాపువైపు. గడువు తేదీ షాపులోనే ఉండిపోయింది. హెచ్చరికలో సగం కూడా అక్కడే ఆగింది. మన ముక్క మీద మిగిలిందల్లా '…మైసిన్ 500'. కాగితం కవరు మీద బాల్‌పెన్నుతో రెండు గీతలు: పొద్దున ఒకటి, రాత్రికొకటి. వైద్యం అయిపోయింది, చిల్లరతో సహా.

ఇంతకన్నా కట్టుదిట్టమైన చట్టం లేదా అంటారేమో. ఉంది. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లో ఉంది. సెఫిక్సిమ్ లాంటి మందులు అమ్మితే రాసిన డాక్టరు పేరు, కొన్న రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చిందీ వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. మన దేశంలో చట్టాలకు కొదవేముంది! కొదవల్లా రిజిస్టరు రాసేటప్పుడు పెన్నుకే.

నిజానికి ఈ పద్ధతి మాకు పొలం దగ్గర అలవాటైందే. చేన్లో ఆకు ముడుచుకుంటే ఎరువుల షాపుకు ఒక ఆకు తీసుకుపోతాం. ఆయన దాన్ని చూసీ చూడకుండా రెండు డబ్బాలు కలిపి కొట్టమంటాడు. ఆకుమచ్చకు పురుగుమందు కొట్టామని తెలిసేది పంటతో పాటు సాలీళ్ళూ తేనెటీగలూ పోయాకే. మనిషి లోపల కూడా జరిగేది అచ్చంగా ఇదే. జలుబు తెచ్చేది వైరస్. మాత్రకు వైరస్‌తో పరిచయం లేదు, పని అంతకన్నా లేదు. దానికి తెలిసిందల్లా బ్యాక్టీరియా. ముక్కులో తన పని లేకపోయేసరికి, వచ్చిన మాత్ర ఊరికే ఎందుకు పోతుంది, పేగుల్లోకి దిగుతుంది. అక్కడ లక్షల కోట్ల సంఖ్యలో కాపురముంటూ, మనం తిన్న పీచును అరగదీసి పెడుతూ, పరాయి క్రిములకు చోటివ్వకుండా కాస్తూ, ఇన్నేళ్ళుగా ఒక్కసారైనా సమ్మె చేయని జనాభా ఉంది. మాత్ర దాని మీద పడుతుంది.

ఈలోగా జలుబు తగ్గిపోతుంది. మాత్ర వేసుకోకపోయినా వారానికి తగ్గేదే, కానీ ఆ ఘనత మాత్ర ఖాతాలోకే పోతుంది. మూడో రోజు పొద్దున కడుపు కదులుతుంది.

యాంటీబయాటిక్ వాడినవాళ్ళలో నూటికి అయిదుగురి నుంచి ముప్పై మందికి బేదులు పట్టుకుంటాయని వైద్యశాస్త్రం లెక్క. ఏ మందు, ఎన్నాళ్ళు, ఎవరి పేగు అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. అమాక్సిసిలిన్‌కు తోడుగా వచ్చే క్లావులనేట్ పేగును ఉరుకులు పెట్టిస్తుంది. అజిత్రోమైసిన్ ఉన్న కులం అంతా పేగు కదలికను పెంచే రకమే. ఇందులో ఎవరి కుట్రా లేదు, మందు స్వభావం అంత. కుట్ర ఉందేమో అనిపించేది తర్వాతి అంకంలో. బేదులని మళ్ళీ అదే షాపుకు పోతాం. ఈసారి ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ జోడీ బయటికొస్తుంది. అంటే మొదటి యాంటీబయాటిక్ చేసిన గాయానికి రెండు కొత్త యాంటీబయాటిక్‌లు. దాంతో నోరు చేదెక్కి, ఆకలి చచ్చి, పొట్ట ఉబ్బుతుంది. దానికి పరగడుపున గ్యాస్ మాత్ర. ఆమ్లాన్ని అణిచే ఆ మాత్రను నెలల తరబడి మింగితే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ లాంటి మొండి క్రిములకు దారి సులువవుతుందంటారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత యాంటీబయాటిక్‌లు పుట్టకముందే పుట్టింది. పెద్దల ముందుచూపు మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు.

నీళ్ళు లేని సీమలో నీళ్ళ విరేచనాలంటే ఎంత ఖరీదో కోస్తా వాళ్ళకు అర్థం కాదు. కొళాయి ఏ రోజు వస్తుందో తెలియక ఇంటిల్లిపాదికీ పట్టి పెట్టుకున్న డ్రమ్ము, ఒక్క మనిషి కడుపు వల్ల మధ్యాహ్నానికి అడుగు కనిపిస్తుంది. "నీ జలుబే మేలు కదా" అని ఇంటావిడ అనడంలో వైద్యపరంగా తప్పేమీ లేదు.

ఇక పరామర్శలు. మా ఊళ్ళల్లో కడుపు గురించి తెలియనివాడు లేడు. ఒకరు "మాత్రలు వేడి చేసినాయప్పా, సబ్జా గింజలు తాగు" అంటారు. ఇంకొకరు పేగుపూత అని తేలుస్తారు. ఆ పూతను ఎవరూ చూడలేదు, అయినా ఎవరూ కాదనరు. దానిమ్మ తొక్క, మెంతులు, వాము, జీలకర్ర, ఆఖరికి దిష్టి. వీళ్ళను నేను ఎగతాళి చేయను. మజ్జిగ తాగమన్న ముసలమ్మ, రెండో విడత యాంటీబయాటిక్ అంటగట్టిన షాపాయన కంటే ఎంతో నయం. కాకపోతే సిప్రోఫ్లాక్సాసిన్ గానీ డాక్సీసైక్లిన్ గానీ వాడుతున్నప్పుడు పెరుగన్నంతో కలిపి మింగితే, పాలలోని కాల్షియం మందును పట్టేసుకుని ఒంటికి అందకుండా చేస్తుంది. రెండు గంటలు ఎడం ఉంటే ఇద్దరికీ గొడవ లేదు.

పట్నంలో మజ్జిగ తాగమని ఎవరూ అనరు. ప్రోబయోటిక్ సాచెట్ తాగమంటారు. దాని ధర చూస్తే లోపలి క్రిములు విమానంలో వచ్చినట్టుంటుంది. వాడుతున్నన్నాళ్ళూ బేదులు కొంత తగ్గిస్తాయని చెప్పే పరిశోధనలున్నాయి, కాదనను. కానీ 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు యాంటీబయాటిక్ వాడిన మనుషులను మూడు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకు ప్రోబయోటిక్. ఒక జట్టుకు ఏమీ లేదు. మూడో జట్టుకు మందు వాడకముందు దాచిన వాళ్ళ మలాన్నే తిరిగి పేగులోకి ఎక్కించారు. సొంత సరుకు వెనక్కి వచ్చినవాళ్ళ పేగు కొద్దిరోజుల్లోనే తేరుకుంది. ఏమీ తీసుకోనివాళ్ళది దాని తర్వాత. ప్రోబయోటిక్ జట్టు పేగులో పాత కాపురస్తులు తిరిగి రావడానికి అందరికన్నా ఎక్కువ కాలం పట్టింది. బయటినుంచి వచ్చినవాళ్ళు ఇళ్ళు ఆక్రమిస్తే ఊరివాళ్ళు ఎక్కడికి వస్తారు? ఆ మూడో వైద్యం గనుక రాప్తాడు షాపుల్లోకి వస్తే అందులోనూ పవరుండేది అడుగుతామని నాకు నమ్మకం.

బేదులకు అసలు మందు ఓఆర్‌ఎస్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు కలరాతో నేల మీద పడి ఉంటే, బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు అయిపోయాక దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు డ్రమ్ముల్లో ఉప్పూ గ్లూకోజూ కలిపి తాగించి వేలమందిని బతికించాడు. లీటరు నీళ్ళకు ఒక ప్యాకెట్, అంతే సంగతి. అంత చవకైన మందును మన వ్యాపారులు ఊరికే వదులుతారా? తియ్యటి పానీయాన్ని అట్టపెట్టెలో పోసి, పైన ఓఆర్‌ఎస్ అని అచ్చేసి, మందుల షాపులోనే అమ్మారు. చక్కెర ఎక్కువైతే పేగులోకి నీళ్ళు ఇంకా లాగుతుంది, బేదులు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళు దీని మీద కొట్లాడితే, 2025 అక్టోబరులో ఆ పేరు అలా వాడకూడదని ఆహారభద్రత సంస్థ తేల్చింది. లేబులు మీద మూడక్షరాలు చెరపడానికి ఎనిమిదేళ్ళు. పంటల బీమా మనకు నేర్పిన ఓపిక ఆమెకూ ఉన్నట్టుంది.

ఇదంతా చదివి యాంటీబయాటిక్ అంటే విషమని ఎవరైనా అనుకుంటే, వాళ్ళను భీమవరం పంపాలి. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుజబ్బుతో పోయారు. అదే జబ్బు ఆయనకూ వస్తే ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి బాగుచేశారు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన సారథ్యంలోనే ఫోలిక్ యాసిడ్ తయారైంది, టెట్రాసైక్లిన్ వంశానికి మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలుగు చూసింది. ఇప్పటికీ ఆ స్ప్రూకు ఇచ్చేవి ఈ రెండే, ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. తెలుగువాడి ఇంట్లో ఇద్దరిని మింగిన పేగుజబ్బుకు తెలుగువాడి చేతిమీదుగా వచ్చిన మందు అది. దాని పిల్లల్నీ మనవళ్ళనీ మనం తుమ్ములకు వాడుతున్నాం.

మనుషులే కాదు, వాగులు కూడా వాడుతున్నాయి. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, రోజుకు 45 కిలోల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ పోతోందని 2007లో అచ్చేశారు. అది శుద్ధి అయిన నీళ్ళ మాట. వాగుకు జలుబు చేసిందో లేదో ఎవరూ అడగలేదు.

సరే, చాలామందికి కడుపు వారం పది రోజుల్లో దానంతటదే కుదుటపడుతుంది. గంజి, మజ్జిగ, నిద్ర చాలు. జ్వరం వచ్చినా, రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, నిద్రలోంచి లేపి మరీ పరిగెత్తిస్తున్నా ఈ కాలమ్ అక్కడ పడేసి డాక్టరు దగ్గరికి పోండి. బేదులు కట్టేసే మాత్ర కూడా అలాంటప్పుడు వేసుకోకూడదు.

కొందరికి మాత్రం కడుపు మునుపటి కడుపు కాదు. దీన్నే ఐబీఎస్, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటున్నారు. పేగుకు జబ్బు చేశాకో, యాంటీబయాటిక్‌లు వాడాకో మొదలవడం డాక్టర్లు గమనించారు. అనంతపురం పోయి రక్తపరీక్ష, స్కానింగు, గొట్టమేసి చూడటం అన్నీ చేయించుకుంటారు. అన్నీ నార్మల్. ఇంతకన్నా అవమానం ఉండదు. పది వేలు ఖర్చుపెట్టి, చేతిలో ఒక్క రోగం కూడా లేకుండా ఇంటికి రావడం! "ఏమీ లేదన్నారంట కదా" అని చుట్టాలు అనే తీరు, దొంగ సర్టిఫికెట్ పట్టుబడ్డట్టుంటుంది. ఇలా ఏమీ కనిపించని రోగానికీ కొలతలున్నాయి. రోమ్ నగరం పేరున్న ఆ కొలతల నాలుగో కూర్పు 2016లో వచ్చింది: ఆరు నెలల కిందటే మొదలై, గడిచిన మూడు నెలల్లో వారానికి కనీసం ఒకరోజు కడుపునొప్పి, దాంతో విరేచనం తీరులో మార్పు. ఆరు నెలలు! మూడు మాత్రలకే కోర్సు ఆపినవాడికి పడిన శిక్ష చూడండి.

ఏం తినొచ్చో ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్ష చేసి జాబితాలు ఇస్తున్నారు. అది పట్టుకుని మా టిఫిన్ బండి దగ్గర నిలబడితే కథ ఇలా ఉంటుంది: ఉగ్గానిలో బొరుగుల మీద కేసు లేదు. అందులో ఎర్రగడ్డల మీద ఉంది, తెల్లగడ్డ మీద ఇంకా పెద్ద కేసు ఉంది. పక్కనున్న బజ్జీ శెనగపిండి వల్ల నిందితురాలే, లోపలి మిరపకాయ సంగతి చెప్పనక్కర్లేదు. శెనక్కాయ మాత్రం పిడికెడు వరకు నిర్దోషి. మా చేన్లో పంటకు జీవితంలో మొదటిసారి ఒకచోట న్యాయం జరిగింది, అదీ ఆస్ట్రేలియాలో.

ఐబీఎస్ మనిషి మ్యాపు వేరు. జాతీయ రహదారి 44 మీద మిగతావాళ్ళకు ఊళ్ళు కనిపిస్తాయి, ఆయనకు పెట్రోలు బంకులూ టోల్‌గేట్లే కనిపిస్తాయి. పెళ్ళికి పోతే ముందు బాత్‌రూమ్ ఎక్కడో కనుక్కుని, ఆ తర్వాతే పెళ్ళికొడుకును పలకరిస్తాడు. మొన్న ధర్మవరం బస్సులో అలాంటి ఒకాయన రాప్తాడు దాటకముందే లేచి నిలబడి కండక్టరును బతిమాలుతున్నాడు. "ఒక్కరి కోసం యాడ ఆపేది సామీ, అందరికీ లేటు కాదా?" అని కండక్టరు గట్టిగానే అన్నాడు గానీ, ఆయన మొహం చూసి బెల్లు కొట్టాడు. బస్సు ఆగింది. ఆయన వెనకాలే, ఎవరి మొహం వాళ్ళు పక్కకు తిప్పుకుని, ఇంకో నలుగురు దిగారు.