పాత క్యాసెట్టు తప్పేం లేదు

మా రోజుల్లో పెళ్ళి వీడియో అంటే కెమెరా నుంచి టీవీ దాకా అంతా ఒకటే కులం. కెమెరా ఇంటర్‌లేసే, మిక్సరూ ఇంటర్‌లేసే, క్యాసెట్టూ ఇంటర్‌లేసే, పెళ్ళివారి హాల్లో క్రోషియా గుడ్డ కప్పుకుని కూర్చున్న టీవీ కూడా ఇంటర్‌లేసే. పేచీ ఎక్కడొస్తుంది?

ఇప్పుడో? ఫోను సెకనుకు 30 ఫ్రేములంటుంది. అది కూడా నికరంగా 30 కాదు, వెలుతురు తగ్గితే మధ్యలో తనే తగ్గించుకుంటుంది. పెద్ద కెమెరా 25 ప్రోగ్రెసివ్, అంటే ఒక్కోసారికి ఒక నిండు బొమ్మ. డ్రోను దాని ఇష్టం దానిది. లైవ్ ఇచ్చేవాడు 50 ఇంటర్‌లేస్‌లో రికార్డు చేసి ఇస్తాడు. వీటన్నిటితో పాటు పెళ్ళికొడుకు మేనమామ బీరువాలోంచి తీసిన పాత క్యాసెట్టు ఒకటి. మన ఎడిటింగ్ కుర్రాడు వీటన్నిటినీ తెచ్చి ఒకే టైమ్‌లైన్ మీద కుమ్మరిస్తాడు. సీక్వెన్స్ సెట్టింగులు మార్చమంటావా, ఉన్నవే ఉంచమంటావా అని సాఫ్ట్‌వేర్ మర్యాదగా అడుగుతుంది. అది చదివే ఓపిక ఎవరికుంది? ఎంటర్ కొట్టెయ్యడమే.

మొన్నామధ్య ఒక షష్టిపూర్తికి వెళ్ళాను. ఫంక్షన్ హాల్లో గోడంత ఎల్ఈడీ తెర. ఆ దంపతుల పెళ్ళి నాటి వీహెచ్ఎస్ క్యాసెట్టులోంచి ముక్కలు తీసి ఇప్పటి 4కె వీడియో మధ్యలో అతికించారు. ఆలోచన బాగుంది. తలంబ్రాల ఘట్టం వచ్చింది. పెళ్ళికూతురు దోసిలి పైకెత్తగానే వేళ్ళ చివర్లన్నీ దువ్వెన పళ్ళలా చీలిపోయాయి. పడుతున్న తలంబ్రాలు గింజల్లా లేవు, అడ్డగీతల్లా ఉన్నాయి. పట్టుచీర జరీ అంచైతే నిలబడ్డచోటే గిలగిల్లాడుతోంది. నా పక్కనాయన, "అప్పటి కెమెరాలు అంతేనండీ" అని తేల్చేశాడు. ఎడిటింగ్ చేసిన కుర్రాణ్ణి వెతికి పట్టుకుని అడిగాను. "పాత క్యాసెట్టు కదా బాబాయ్ గారూ, అలాగే ఉంటుంది" అన్నాడు.

ఎందుకుంటుందయ్యా? ఆ క్యాసెట్టు నాకు తెలుసు. ఆ రోజు టీవీలో ఆ చెయ్యి వెన్నలా కదిలింది.

అప్పటి కెమెరా బొమ్మను ఒక్కసారిగా తీసేది కాదు. మన పాల్ పద్ధతిలో ఫ్రేముకు 625 గీతలు, అందులో బొమ్మ ఉండేవి 576. ముందు గీత విడిచి గీత చొప్పున సగం, ఆ తర్వాత సెకనులో 50వ వంతుకు మిగతా సగం. ఒక్కో సగం ఒక ఫీల్డు. ఇంటర్‌లేస్ అంటే ఇదే. సెకనుకు 50 ఫీల్డులు, 25 ఫ్రేములు. 1936లో బీబీసీ 405 గీతలతో ప్రసారాలు మొదలుపెట్టిన నాటి నుంచీ ఇదే ఉపాయం. సెకనుకు 25 సార్లే బొమ్మ గీస్తే తెర మినుకుమినుకుమంటుంది. 50 నిండు బొమ్మలు పంపాలంటే ప్రసారానికి రెట్టింపు జాగా కావాలి. అందుకని సగం సగం పంపారు. గొట్టం టీవీ ఆ సగాలను వచ్చిన వరసలోనే గీసేది. కంటికి కదలిక నున్నగా ఉండేది.

ఇప్పటి తెర రెండు సగాలనూ ఒకేసారి పెట్టేస్తుంది. ఆ 50వ వంతులో చెయ్యి కాస్త జరిగింది కదా! ఒక గీతలో చెయ్యి ఇక్కడ, కింది గీతలో అక్కడ. పళ్ళు కనపడక ఏమవుతాయి?

దీనికి మందు డీఇంటర్‌లేసింగ్. అందులోనూ బద్ధకస్తుడి వైద్యం ఉంది. ఒక ఫీల్డును పారేసి ఉన్న 288 గీతలనే సాగదీస్తారు, బొమ్మ మసకబారుతుంది. లేదా రెండు ఫీల్డులనూ కలిపి పులుముతారు, పెళ్ళికూతురికి రెండేసి చేతులు వస్తాయి. సరైన పద్ధతి, ప్రతి ఫీల్డునూ నిండు ఫ్రేము చేసి సెకనుకు 50 ఫ్రేములుగా తియ్యడం. కదలని చోట రెండు ఫీల్డుల గీతలూ వాడుకుంటుంది, కదిలిన చోట పక్క గీతల్ని చూసి పూరిస్తుంది. యాడిఫ్, క్యూటీజీఎంసీ లాంటి సాఫ్ట్‌వేర్లు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. రెండోది నత్తనడక నడుస్తుంది, నిజమే. రాత్రి పెట్టి పడుకోండి. ఇప్పటి 25 ఫ్రేముల వీడియోను ఆ 50 టైమ్‌లైన్ మీద వేస్తే ఒక్కో ఫ్రేము రెండుసార్లు పడుతుంది, ఏ గొడవా లేదు. ప్రోగ్రెసివ్‌ను ఇంటర్‌లేస్‌లో కలిపినా ప్రాణం మీదికి రాదు, రెండు సగాలూ ఒకే క్షణానివి కాబట్టి. ఇంటర్‌లేస్‌ను ప్రోగ్రెసివ్‌లోకి తెచ్చేటప్పుడే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

ఫీల్డుల వరస సంగతి మరీ ఘోరం. మినీ డీవీలో కింది ఫీల్డు ముందు, 1080 హెచ్‌డీలో పై ఫీల్డు ముందు. తారుమారైతే ఊరేగింపులో మనిషి ఒకడుగు వెనక్కి, మూడడుగులు ముందుకి వేస్తాడు. మేము కంప్యూటర్ తెరను నమ్మేవాళ్ళం కాదు. వీడియో కార్డులోంచి వైరు లాగి పక్కనే 14 అంగుళాల టీవీ పెట్టుకునేవాళ్ళం. వరస తప్పితే అరక్షణంలో అదే చెప్పేది. పేర్ల కింద సన్నగీత పెడితే వణికేది, దాన్ని లావు చేసేవాళ్ళం. ఇప్పుడు ఆ టీవీలు పాత సామాన్లవాడికి పోయాయి. వాటితో పాటు చూసే అలవాటూ పోయింది.

మా రోజులేమీ స్వర్గం కాదు. క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు కాపీ చేసిన కొద్దీ పెళ్ళికొడుకు బొట్టు ముక్కు మీదికి జారేది. అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన హ్యాండీక్యామ్ ఇంకో తలనొప్పి. అది ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు. మన 50 హెర్ట్జ్ కరెంటు కింద ట్యూబులైటు వెలుగులో తీస్తే మండపమంతా మినుకుమినుకే. దాన్ని పాల్‌లోకి తేవాలంటే చుక్కలు కనపడేవి. కానీ కష్టపడి తెచ్చేవాళ్ళం, 'అమెరికా కెమెరాలు అంతే' అనేవాళ్ళం కాదు.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది క్యాసెట్టును ఫైలు చేసే చోట. డీఇంటర్‌లేస్ చెయ్యకుండానే 576 గీతల్ని 1080కి సాగదీసి, ప్రోగ్రెసివ్ అని ముద్ర కొట్టి, పెన్ డ్రైవ్‌లో వేసి ఇస్తారు. సాగదీయగానే రెండు ఫీల్డుల గీతలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆ తర్వాత బ్రహ్మ దిగివచ్చినా విడదీయలేడు. ఇంటివాళ్ళేమో ఫైలు వచ్చింది కదా అని క్యాసెట్టు చెత్తబుట్టలో పడేస్తారు.

కాబట్టి మీ ఇంట్లో క్యాసెట్లుంటే దుకాణంవాణ్ణి గట్టిగా అడగండి. 720 బై 576లో, ఇంటర్‌లేస్‌గానే, ఉన్నది ఉన్నట్టు ఒక ఫైలు ఇవ్వమనండి. సాగదీసింది కావాలంటే అది వేరేగా తీసుకోండి. ఫైలు వచ్చాక కూడా క్యాసెట్టు పారెయ్యకండి. అలాగని అటక మీద పెట్టి మరిచిపోనూ వద్దు. వీసీఆర్‌లు తయారుచేస్తూ చివరిదాకా నిలిచిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో మానేసింది.