సీసాలో మైలేజీ

భీమవరం నుంచి హౌరాకు చేపలు మోసే బీఎస్-6 లారీలో నేనొక ఇంజెక్టర్‌ని. మెకానిక్‌లు నన్ను నాజిల్ అంటారు. కామన్ రైల్ అనే గొట్టంలోంచి 1,600 బార్లకు మించిన ఒత్తిడితో వచ్చే డీజిల్‌ని నా కొసనున్న సన్నటి రంధ్రాల గుండా పొగమంచులా చిమ్ముతాను. నా లోపల కదిలే భాగాల మధ్య తలవెంట్రుక దూరేంత సందు కూడా లేదు. అందుకే డీజిల్లో ఎవరేం కలిపినా ముందు తెలిసేది నాకే.

బెజవాడ ఆటోనగర్‌లో సర్వీసుకి ఆగితే చాలు, ఎవరో ఒకరు సీసా పట్టుకొచ్చేస్తారు. "ట్యాంకులో ఒక్క మూత పోయండి సార్, మైలేజీ ఇరవై శాతం పెరుగుద్ది!" అని. లీటరు డీజిల్లో ఉండే శక్తి సుమారు 36 మెగాజౌళ్లు. ఆ డీజిల్‌ని నా ఇంజిన్ దాదాపు పూర్తిగా మండించేస్తుంది. వృథా అయ్యేదంతా సైలెన్సర్‌లోంచీ రేడియేటర్‌లోంచీ పోయే వేడే. ఒక మూత మందు ఆ వేడినెలా ఆపుతుంది? హౌరాకు నిండు లోడుతో వెళ్లి, మందు పోసి, ఖాళీగా తిరిగొచ్చి లెక్క చూసుకుంటే మైలేజీ పెరిగినట్టే కనిపిస్తుంది మరి.

అలాగని మందులన్నీ మోసమని నేననను. నా రంధ్రాల అంచున మసి పేరుకుంటే చిమ్మడం వంకర పోతుంది, పొగ పెరుగుతుంది. మంచి డిటర్జెంట్ ఆ మసిని నిజంగానే వదలగొడుతుంది. దాంతో పోయిన మైలేజీ తిరిగొస్తుంది, అంతేగానీ శుభ్రంగా ఉన్న నాకు అది కొత్తగా ఇచ్చేదేమీ లేదు. సీటేన్, అంటే డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె, దాన్ని పెంచే మందూ అబద్ధం కాదు. కానీ మన బంకు డీజిల్‌కి కనీసం 51 సీటేన్ ఉండాలన్న నిబంధన ఎలాగూ ఉంది. కోస్తా ఎండల్లో అంతకుమించి ఎందుకు?

2020 ఏప్రిల్ నుంచి డీజిల్లో గంధకం పది లక్షల పాళ్లలో 10కి మించకూడదన్నారు. గంధకాన్ని తీసేటప్పుడు డీజిల్‌కి సహజంగా ఉండే జారుడుతనం కూడా తగ్గుతుంది. ఆ లోటు తీర్చే మందుని రిఫైనరీ వాళ్లే కలిపి పంపుతారు. ఆ సంగతి తెలియక, మళ్లీ అదే పని చేస్తానంటున్న సీసాకి డబ్బు పోస్తున్నారే అని నా బాధ.

మొన్న క్లీనర్ కుర్రాడు అడిగాడు: "బాబాయ్, టూ-స్ట్రోక్ బళ్లలో పోసే టూటీ ఆయిల్ కాస్త కలిపితే నాజిల్ మెత్తగా ఆడుద్దంట కదా?"

మెకానిక్ కసురుకున్నాడు. "బీఎస్-6 బండిరా ఇది! సైలెన్సర్ దగ్గరున్న ఫిల్టర్‌లో మసి చేరితే కాలిపోద్ది. ఆయిల్ బూడిద చేరితే కాలదు, అక్కడే కూర్చుంటది. మార్చాలంటే మీ ఓనరు గారి పని అయినట్టే."

తర్వాత డీజిల్ ఫిల్టర్ అడుగునున్న మర వదులు చేసి, గాజు గ్లాసు పట్టాడు. పైన లేత పసుపు డీజిల్, అడుగున వేలెడు మందాన నీళ్లు, వాటిలో తుప్పు నలకలు. నన్ను తినేసేవి ఇవే. వాటిని ఏ సీసా మందూ తియ్యలేదు. మెకానిక్ ఆ గ్లాసుని కుర్రాడి కళ్లముందు పెట్టి, "మీటర్లో నీళ్ల లైటు వెలిగేదాకా ఆగమాక. వారానికోసారి ఇది వదులు" అని మర బిగించేశాడు.