క్రిస్మస్ తాత దొంగలెక్కలు

మా పెళ్లి ఎలా కుదిరిందని ఎవరడిగినా ఇరవై ఏడేళ్లుగా ఒకే కథ చెబుతున్నాను. క్రిస్మస్ క్యారల్స్ పాడుకుంటూ వాళ్ల వీధికి వెళ్లాననీ, నా పాట విని ఆవిడ తలుపు తీసిందనీ, ఆపైన అంతా దేవుడే నడిపించాడనీ. ఇందులో వీధి మాత్రం నిజం.

ముందు పాట సంగతి ఒప్పేసుకుంటాను. గుంటూరులో పుట్టిన లూథరన్‌కి పాట రాకపోవడం చిన్న నేరం కాదు. 1842లో మిషనరీ హయ్యర్ దొర ఊళ్లో దిగిన దగ్గర్నుంచీ మావాళ్లు పాడుతూనే ఉన్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగమూ తాళమూ అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనల్ని మా ఇంట్లో ఆడవాళ్లు కూర తరుగుతూ అలవోకగా ఎత్తుకునేవాళ్లు. నాకు మాత్రం రాగమూ తాళమూ అచ్చులో తప్ప ఎక్కడా దొరకలేదు. 1997 డిసెంబరులో క్యారల్స్ ప్రాక్టీసుకి వెళ్లి నోరు తెరిచాను. గిటారు వాయిస్తున్న కుర్రాడు ఆపేసి, కాసేపు నేల చూపులు చూసి, "అన్నా, నువ్వు తాత వేషం కట్టు" అన్నాడు.

తాతకి పాట అక్కర్లేదు. గంట ఊపితే చాలు.

పత్తి బేళ్లు దొర్లే ఊళ్లో గడ్డానికి కరువేముంది? మెడికల్ షాపులో దూది కట్ట ఒకటి, బంక సీసా ఒకటి కొన్నాను. ఎర్ర గౌను తొడిగి, పొట్టకి దిండు కట్టుకుని అద్దంలో చూసుకుంటే, మిర్చి యార్డులో టిక్కీ బస్తాకి కాళ్లొచ్చినట్టున్నాను. ఇప్పుడైతే దిండు అక్కర్లేదు, అది వేరే సంగతి.

ఇదంతా మూలింటి అమ్మాయి కోసం. గుళ్లో ఆడవాళ్ల వైపు మూడో బెంచీ. రెండేళ్లు నేను ప్రసంగం విన్నది ఆ బెంచీ వైపు చూస్తూనే. ఎదురుపడితే "వందనాలండీ" అనడానికి కూడా నోరు పెగిలేది కాదు. ముసుగు ఉంటే ధైర్యం దానంతటదే వస్తుందనుకున్నాను.

కోశాధికారి గారు లెక్కపెట్టి నా సంచిలో న్యూట్రిన్ చాక్లెట్లు పోశారు. పిల్లకి రెండు, అంతే. నేను మొదటి పద్నాలుగు ఇళ్లలో రెండివ్వాల్సిన చోట ఒకటే ఇచ్చాను. ఒకచోట చంటివాడు నిద్రపోతున్నాడని వాడి వాటా మొత్తం సంచిలోనే ఉంచేశాను. పసిపిల్లల పాలిట హేరోదు రాజు తరవాత నేనే.

మూలింటికి చేరేసరికి రాత్రి రెండున్నర. డోలక్ మోగింది, గేటు గడియ చప్పుడైంది. దూది కనుబొమలు కళ్ల మీదకి జారి నాకు సగమే కనిపిస్తోంది. కనిపించినంతలో ఒక చీర కొంగు, చాచిన రెండు చేతులు. సంచి ఆ చేతుల్లో బోర్లించాను.

"ప్రభువు నిన్ను దీవించు గాక, నాయనా" అంది గొంతు. డెబ్బై దాటిన గొంతు.

వాళ్ల మామ్మ. అమ్మాయి లోపల ముసుగుతన్ని పడుకుంది. క్యారల్స్ వాళ్లొస్తే లేపమని చెప్పిందట, ఎవరూ లేపలేదు.

మామ్మ వయసులో ఉండగా బైబిలు స్త్రీ. పల్లెల్లో ఇంటింటికీ కాలినడకన తిరిగి వాక్యం చెప్పిన మనిషి. నోట్లో మిగిలిన పళ్లు నాలుగు, ఒంట్లో షుగరు, తీపంటే ప్రాణం. ఇంట్లో బెల్లం డబ్బా సైతం ఆవిడకి అందకుండా అటక ఎక్కించారు. అలాంటి మనిషికి దోసెడు చాక్లెట్లు! తలగడ కింద దాచుకుని వారం రోజులు చప్పరించింది. చాక్లెట్లు అయ్యాక తీర్పు చెప్పింది: "ఆ తాత వేషం కట్టిన పిల్లాడెవరో కనుక్కోండి. వాడి చేతికి ఎముక లేదు."

కనుక్కున్నారు. శ్రమదినాలు వెళ్లి, ఈస్టరు కూడా అయ్యాక గుళ్లో మూడు ఆదివారాలు మా పెళ్లి ప్రకటన చదివారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని అయ్యగారు అడిగినప్పుడల్లా నేను కోశాధికారి గారి వైపే చూశాను. ఆయన మూడుసార్లూ గొంతు సవరించుకున్నారు. లేవలేదు.

మామ్మ సంగతంతా మా ఆవిడ నాకు చెప్పింది పెళ్లయిన మూడో రోజున. అప్పట్నుంచీ ఏ తగువొచ్చినా ఆవిడకి ఒకటే మాట. "మిమ్మల్ని చేసుకుంది నేను కాదండీ, మా మామ్మ."

మనిషి చేతిలో 27 ఎముకలుంటాయి. మాకు పెళ్లయి 27 ఏళ్లు. ఏడాదికొకటి చొప్పున అన్నీ బయటపడ్డాయి. ఉదాహరణకి, డాబా మీద పెట్టే నక్షత్రం. బజార్లో కొనడం దండగని ఏటా నేనే వెదురు బద్దలతో కడతాను. ఒక కొన ఎప్పుడూ వాలిపోయే ఉంటుంది. తూర్పు జ్ఞానులు దాన్ని నమ్ముకుని బయల్దేరితే బెత్లెహేముకి బదులు బిట్రగుంటలో దిగేవాళ్లని మా అమ్మాయి అంటుంది.

మా ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగింది ఒకటే. క్రిస్మస్ నాడు మెదక్ గుళ్లో తెల్లవారుజామున 4.30 ఆరాధనకి తీసుకెళ్లమని. "వచ్చే ఏడాది ఖాయం" అన్నాను, ప్రతి ఏడాదీ. 2024లో గుడికి వందేళ్లు నిండుతున్నాయని పేపర్లో పడ్డాక తప్పించుకోలేకపోయాను. లాడ్జీ ఖర్చు ఎందుకని ముందురోజు వెళ్లకుండా రాత్రి బస్సెక్కించాను. చేరేసరికి తొమ్మిదిన్నర. ఇసుక వేస్తే రాలనంత జనం. తలల మీదుగా 175 అడుగుల గోపురం ఒక్కటే కనిపిస్తోంది. కరువు కాలంలో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర పదేళ్లు కట్టించిన గుడి అది. దాన్ని పెళ్లానికి చూపించడానికి నాకు ఇరవై ఆరేళ్లు పట్టింది, అదీ బయట్నుంచి.

తిడుతుందనుకున్నాను. ఆవిడ సంచిలోంచి పులిహోర పొట్లం తీసి నా చేతిలో పెట్టి, గోపురం వైపు చూస్తూ మామ్మ పాడే కీర్తన ఒకటి మెల్లగా ఎత్తుకుంది. కళ్లు తడిశాయి, నావి కూడా. ఉండబట్టలేక నేనూ గొంతు కలిపాను. చుట్టూ ఉన్నవాళ్లు నాలుగడుగులు వెనక్కి జరిగారు. మాకు కూర్చోవడానికి చోటు దొరికింది.

మొన్న డిసెంబరులో క్యారల్స్ వాళ్లు మా ఇంటికొచ్చేసరికి రాత్రి మూడు. గేటు నేనే తీశాను. సన్నగా, పొడుగ్గా ఉన్న తాత ఒకడు నా చేతులు పట్టుకుని సంచి వొంచాడు. ముసుగు రంధ్రాల్లోంచి వాడి చూపు నా భుజం మీదుగా వరండాలోకి పోతోంది. అక్కడ స్తంభాన్ని ఆనుకుని మా అమ్మాయి, ఏమీ ఎరగనట్టు ఫోను చూసుకుంటోంది.

వాళ్లు వెళ్లాక లెక్కపెట్టాను. పదకొండు. గోడ మీద నుంచి పక్కింటాయన్ని అడిగాను. రెండట.

"మామ్మ కుర్చీ మీకొచ్చిందండీ" అంది మా ఆవిడ వెనకనుంచి. "షుగరు మాత్ర వేసుకున్నారా?"

వేసుకోలేదు. చీకట్లో ఒక చాక్లెట్ ఒలిచి నోట్లో వేసుకున్నాను. పిల్లాడు మంచివాడిలాగే ఉన్నాడు.